కాలువలోని నీరు, కాగితముపై గీత

నాగార్జునసాగరు ఎడమకాలువక్రింద యాసంగి మొదలైనదనిన రెండు లెక్కలు ఒక్కసారిగ బయలుదేరుట మనకు పరిపాటియైనది. మొదటిది శాఖవారి లెక్క: ఫలానా మేజరునకు ఇన్ని క్యూసెక్కులు, ఇన్ని దినములు, వెరసి యింత యని. రెండవది రైతుల లెక్క: నారు ముదిరినది, నాటు పడలేదు, పడినచోట మడి నెఱ్ఱెలు విచ్చినది యని. నేరేడుచర్ల ప్రాంతమున కాలువచివర భూములుగల కాపులు మొరపెట్టుకొనబోయినప్పుడు వారికి చూపబడునది రిజిస్టరు. రిజిస్టరునందు నీరు నిండుగ పారుచునేయున్నది. "రికార్డుల నీళ్ళున్నయి సారూ, మా పొలాలల్ల లెవ్వు" అని యొక వృద్ధుడు పలికిన మాట మాకు చాల దినములు చెవిలో మ్రోగినది. ఆయన యబద్ధమాడలేదు. రిజిస్టరు వ్రాసిన లస్కరును అబద్ధమాడలేదు. అతడు గేజీపై మూడడుగులు చూచెను, మూడడుగులని వ్రాసెను. ఇద్దరు సత్యవాదుల నడుమ నీరు మాయమైనచో, ఆ నడుమ మూడవదేదో యుండవలెను. ఉన్నది. అది యొక వక్రరేఖ. దానినిగూర్చియే నేడు వ్రాయదలచితిమి.

పత్రికలో గణితమేల యని పాఠకులు విసుగుకొనవలదు. దాదాభాయి నౌరోజీ దేశదారిద్ర్యమును నిరూపించినది ఆవేశపూరితోపన్యాసములతో గాదు, అంకెలతో. 1901లో వెలువడిన ఆయన గ్రంథమునిండ ప్రభుత్వమువారి లెక్కలే కలవు; వారి లెక్కలతోనే వారిని నిలదీసినాడు. పరాయి ప్రభువుల లెక్కను తప్పుపట్టుటకు నేర్చిన ప్రజ, స్వప్రభుత్వపు లెక్కను చదువుటకు నేర్వకున్న, సంపాదించిన స్వరాజ్యము తూముదగ్గరనే ఆగిపోవును.

ముందుగా ఒక సంగతి స్పష్టపడవలెను. కాలువలో ఎంత నీరు పారుచున్నదో ప్రతిదినము ఎవ్వరును కొలుచుటలేదు. కొలువబడునది మట్టము మాత్రమే. తూముకడ గోడపై అడుగులు, అంగుళములు వ్రాసిన గేజీ యుండును. దానిపై నీటియంచు ఎక్కడనున్నదో లస్కరు చూచును. ఆపైన నొక పట్టికను విప్పి, ఇంత మట్టమునకు ఇన్ని క్యూసెక్కులని వ్రాసికొందురు. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు. ఆ పట్టిక వేదవాక్యము గాదు. అది యొక వక్రరేఖనుండి తీసినది. ఆ వక్రరేఖ, ఎప్పుడో కొందరు నీటిలో దిగి కొలిచిన కొన్ని బిందువులనుండి గీచినది. రైతునకు చెప్పబడునది పట్టికలోని సంఖ్య. దాని వెనుకనున్న గీతయు, గీత వెనుకనున్న బిందువులును అతని కంటబడవు.

ఆ బిందువులను సంపాదించుట కష్టసాధ్యమైన పని. దామరచర్లకడ మూసీపై కేంద్ర జలసంఘమువారి కొలతకేంద్రము కలదు. అట్టి కేంద్రములలో నదిని అడ్డముగ అనేక ఖండములుగ విభజింతురు. ప్రతి ఖండమున లోతు తీయుదురు. పిమ్మట తిరుగుడు రెక్కలుగల కరెంటుమీటరను సాధనమును నీటిలో దింపి, ఉపరితలమునుండి లోతులో పదింట ఆరువంతుల కడ వేగమును చూతురు. ఖండపు వైశాల్యమును వేగముతో హెచ్చించి, అన్నిటిని కూడగా ఆ క్షణపు ప్రవాహము తేలును. ఇంత శ్రమకు ఫలము ఒకే యొక చుక్క: ఇంత మట్టము, ఇంత ప్రవాహము. వేసవిలో కొన్ని చుక్కలు, వరదలో కొన్ని చుక్కలు. వానిని గ్రాఫుకాగితముపై పెట్టి, వాని నడుమనుండి పోవునట్లు ఒక గీతను పొసగింపవలెను. పెద్దనదులపై ఈ పని ఏటేట జరుగును. మన మేజర్లపై, మైనర్లపై ఎన్నడు జరిగినదని యడిగిన, జవాబు చెప్పువారు దొరకుట కష్టము.

ఆ గీత యెట్టిదో ఒక ఉదాహరణముతో చెప్పెదము. ఇది మేము కల్పించిన కాలువ. అంకెలు మాత్రము లోకములోని కాలువల తీరునకు దూరమైనవి గావు. మట్టము ఒక అడుగున్నప్పుడు 10 క్యూసెక్కులు, రెండడుగులకు 30, మూడడుగులకు 58, నాలుగడుగులకు 92 అనుకొందము. మట్టము రెట్టింపైన నీరు మూడురెట్లగుచున్నది. అందుచేత గీత సరళరేఖ గాక పైకి వంగినది. ఇంజనీర్లు దీనిని ఘాతసూత్రముగ వ్రాయుదురు: మట్టమునుండి అడుగుమట్టమును తీసివేసి, శేషమును ఒకానొక ఘాతమునకెత్తి, ఒక స్థిరాంకముతో హెచ్చింతురు. మా ఉదాహరణములో ఘాతము 1.6, స్థిరాంకము 10. అడుగుమట్టమనగా గేజీపై ఏ స్థానమున నీటిపారుదల సున్నయగునో ఆ స్థానము. పాఠకులు ఈ మూడవ సంఖ్యను జ్ఞాపకముంచుకొందురుగాక. కథయంతయు దానిలోనే యున్నది.

కాలువలో ఆరంగుళముల పూడిక పేరుకొన్నదనుకొందము. మన ప్రాంతపు కాలువలకిది పెద్దమాట గాదు. అప్పుడు అడుగుమట్టము అరయడుగు పైకి జరిగినది. గేజీ మాత్రము గోడకు చెక్కినదగుటచే కదలలేదు. లస్కరు మూడడుగులు చూచును. పట్టిక 58 క్యూసెక్కులనును. కాని నీటికి మిగిలిన లోతు రెండున్నర యడుగులే. అదే సూత్రముతో లెక్కించిన ప్రవాహము 43 క్యూసెక్కులు. పదునైదు క్యూసెక్కులు కాగితముపై పుట్టి కాగితముపైనే పారినవి. ఒక క్యూసెక్కు ఒక దినమెల్ల పారిన దాదాపు రెండెకరములపై ఒక యడుగు నీరు నిలుచును. పదునైదు క్యూసెక్కులనిన, దినమునకు సుమారు 180 ఎకరములకు రెండంగుళముల తడి. రిజిస్టరునందు ఈ తడి ప్రతిదినము పెట్టబడుచునేయుండును. తలకట్టు భూములవారు తమ వంతు తీసికొందురు. లేనినీటి భారమంతయు కాలువచివర పడును. నాచు, తూటికాడ పెరిగి వేగము తగ్గినచో ఈ లోటు ఇంకను హెచ్చును. సూత్రములో స్థిరాంకము తగ్గవలసియుండగా, పట్టికలో అది అట్లే యుండును గదా.

ఇంతేకాదు. కాలువకు అడ్డముగ రెగ్యులేటరు గేట్లు కలవు. దిగువ గేటు దింపిన ఎగువను నీరు నిలిచి మట్టము పెరుగును. మట్టము పెరిగినది గావున ప్రవాహము పెరిగినదని పట్టిక చెప్పును. నిజమునకు ప్రవాహము తగ్గినది. ఇట్టిచోట మట్టమొకటే చూచి నీటిని నిర్ణయించు గీత ఎంత చక్కగ గీచినను అది ప్రశ్నకు జవాబు గాదు. ఎగువమట్టము, దిగువమట్టము, గేటు ఎత్తిన యెత్తు మూడును లెక్కలోనికి రావలెను. ఇంజనీరింగు విద్యార్థులెల్లరకు తెలిసిన విషయమే ఇది. తూముదగ్గర మఱచిపోవుచున్నాము.

ఇక కంప్యూటరు మాటకు వచ్చెదము. పూర్వము ఈ గీతను అనుభవజ్ఞుడైన ఓవర్సీరు సంవర్గమాన కాగితముపై బిందువులు పెట్టి, స్కేలు ఆన్చి, కంటితో చూచి గీచెడివాడు. ఆ కాగితముపై ఘాతసూత్రము సరళరేఖయై కనుపట్టును. బిందువేదైన రేఖకు దూరముగ పడినచో అతడు ఆగి, ఆ దినమున ఏమి జరిగినదని విచారించెడివాడు. నేడు ఆ పనిని కంప్యూటరు రెప్పపాటులో చేయుచున్నది. రెండు వరుసల సంఖ్యలు అందించి, ఏ రూపపు గీత కావలెనో చెప్పిన చాలును. స్థిరాంకములు తెరపై నిలుచును. లోపలి విద్య పాతదే. 1805లో ఫ్రెంచి పండితుడు లెజాండ్రు ప్రకటించి, 1809లో జర్మనీదేశపు గౌస్ వివరించిన కనిష్ఠవర్గముల పద్ధతి అది: ప్రతి బిందువునకు గీతకు నడుమనున్న దూరమును వర్గముచేసి, ఆ వర్గముల మొత్తము వీలయినంత తక్కువగునట్లు గీతను జరుపుట. సూత్రము వంకరయైనచోట ఒక్కపట్టున జవాబు రాదు గావున, ఊహించిన విలువతో మొదలిడి అడుగడుగునకు సవరించుకొనుచు పోవలెను. దానికి లెవెన్‌బర్గు 1944లోను, మార్క్వార్టు 1963లోను చూపిన మార్గమే నేటి సాఫ్టువేరులలో పెక్కింటికి ఆధారము.

యంత్రము వచ్చినందుకు మేము విచారించుటలేదు. చేతిలెక్కలో నెల పట్టు పని నిమిషములో ముగియుట మేలే. కాని ఆ ఓవర్సీరు ఆగి విచారించినచోట యంత్రము ఆగదు. ఏడు బిందువులిచ్చి ఆరవ ఘాతపు బహుపదిని పొసగింపుమనిన, అది ఏడింటిగుండను వెండ్రుకవాసి తప్పక పోవు గీతను గీచి చూపును. పొసగుబాటు సంపూర్ణమని తెలుపు సంఖ్యను గూడ ప్రక్కన వ్రాయును. ఆ సంఖ్య ఒకటి. చూచినవారు మురిసిపోదురు. అయితే ఆ గీత రెండు బిందువుల నడుమ పాముమెలికలు తిరిగి, మట్టము పెరుగుచుండగా నీరు తగ్గుచున్నదని చెప్పుటకు వెనుదీయదు. కొలిచినమేర దాటినంతనే ఆకాశమునకో పాతాళమునకో పోవును. బిందువులన్నిటిని సంతోషపెట్టిన గీత నదిని గూర్చి చెప్పునది శూన్యము. కొలతలోని పొరపాట్లను గూడ అది నియమముగ నేర్చుకొనినది.

ఇంతకంటె సూక్ష్మమైన విషయమొకటి కలదు. మా అభిప్రాయమున అన్నిటికంటె ముఖ్యమైనదిదియే, అయినను దీనినిగూర్చి మాటాడువారు అరుదు. కనిష్ఠవర్గములనగా ఏ పొరపాటు యొక్క వర్గములు? కొలిచిన క్యూసెక్కులనే యిచ్చి గీతను పొసగింపుమనిన, యంత్రమునకు 92 క్యూసెక్కులకడ ఐదు క్యూసెక్కుల పొరపాటును, 10 క్యూసెక్కులకడ ఐదు క్యూసెక్కుల పొరపాటును సమానములే. మొదటిది నూటికి ఐదు మాత్రమే. రెండవది నూటికి యేబది! నిండుకాలువను సరిగ చెప్పుటకై యంత్రము సన్నని పారుదలను బలిపెట్టును. సంవర్గమానములు తీసి పొసగించినచో న్యాయము మారును. అప్పుడు నూటికి ఎంత తప్పినదన్నదే కొలబద్ద యగును, సన్నని పారుదలకును పెద్దపారుదలతో సమానగౌరవము దక్కును. అందును ఒక మెలకువ వలయును: అడుగుమట్టమును ముందుగ సరిగ నెఱుగకున్న సంవర్గమానములలో రేఖ వంగిపోవును.

ఈ రెంటిలో ఏది ఎన్నుకొనవలెనో యంత్రము చెప్పదు. అడుగకున్న అది మొదటిదాననే చేయును. కాలువ నిండుగ పారునపుడు తలకట్టువానికి, చివరవానికి తగవులేదు. నీరు తగ్గి, వంతులు పెట్టి, కొన్నాళ్ళు తూములెత్తి కొన్నాళ్ళు దించు పద్ధతి వచ్చినపుడే చివరిభూముల ప్రాణము గేజీ క్రిందిగుర్తులపై నిలుచును. గీత ఎక్కడ సరిగనుండవలెనో అక్కడనే తప్పుచున్నది. ఎక్కడ కొంత తప్పినను నష్టములేదో అక్కడ ముత్యమువలె నున్నది. ఇది గణితదోషము గాదు. ఎవరి పొరపాటు పెద్దది, ఎవరిది చిన్నది యన్న నిర్ణయము. ఆ నిర్ణయమును ఆఫీసులోని ఒక బొత్తాము నొక్కి చేయుచున్నాము, మీ పొలమెంత ఎండినదని చివరి రైతు నడుగకయే.

బిందువులు చాలనిచోట యంత్రమెంత గొప్పదైనను ఏమి చేయలేదని నిరూపించినవాడు మన తెలుగువాడే యగుట మనకు గర్వకారణము. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920లో హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తా గణాంకశాస్త్ర సంస్థలో చేరి, 1945లో ఒక వ్యాసమును ప్రకటించిరి. దాని సారము సామాన్యభాషలో నిది: దత్తాంశములలో ఎంత సమాచారము కలదో దానికొక పరిమితి కలదు, పక్షపాతములేని ఏ అంచనాయైనను, ఎంతటి చతురుడు వేసినను, ఆ పరిమితికి మించిన నిశ్చయము నీయజాలదు. లోకమంతట క్రామర్–రావు హద్దని దానికి పేరు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించినది. ఆ యేడే నూటరెండేండ్ల వయస్సున కన్నుమూసిరి. మన పత్రికలన్నియు ఆయన చిత్రపటమును ప్రకటించినవి. ఆయన హద్దును తూముదగ్గర పాటింపవలెనన్న తలంపు మాత్రము ఏ శాఖకును వచ్చినట్లు లేదు. నాలుగు పాత బిందువులనుండి గీచిన గీతను తెచ్చి, దశాంశబిందువు తరువాత రెండు స్థానములవరకు క్యూసెక్కులు ప్రకటించుట, లేని జ్ఞానమును ఉన్నట్లు చూపుటయే.

ఆ సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ చేసిన పనియు నిచ్చట చెప్పదగియున్నది. 1926లో ఒడిస్సాలో బ్రాహ్మణీనదికి పెనువరద వచ్చెను. నదిగర్భము మెరకపడినది గావున గట్ల యెత్తు పెంచవలెనని ఇంజనీర్ల సంఘము తలచెను. మహలనోబిస్ సుమారు అరువదియేండ్ల వర్షపు లెక్కలు, మట్టపు లెక్కలు ముందిడుకొని, గర్భము మెరకపడినదనుటకు ఆధారము లేదని తేల్చెను. అచ్చట మెరకపడని నది మెరకపడినదనిరి. మన కాలువలు కన్నులకు కనబడునట్లు మెరకపడుచుండగా, పట్టికలు పడలేదనుచున్నవి. ఏ పక్షమున పొరపాటున్నను తీర్చగలది పాత బిందువుల దస్తరమే.

పెద్దకృష్ణ లెక్కలకు కూడ ఈ నీతి తప్పలేదు. 1969లో ఏర్పడి 1973లో నివేదికయిచ్చి 1976లో తుదితీర్పు పొందిన బచావత్ న్యాయసభ, 1894–95 మొదలు 1971–72 వరకు 78 ఏండ్ల ప్రవాహములను వరుసబెట్టి, నూటికి డెబ్బదియైదేండ్లు నమ్మదగిన నీరు 2,060 టి.యం.సి. అని నిర్ణయించినది. బ్రిజేష్‌కుమార్ న్యాయసభ 2010లో 1961–62 మొదలు 2007–08 వరకు 47 ఏండ్లను తీసికొని, అదే నమ్మకమునకు 2,173 అన్నది. నది యొక్కటే, ఎన్నుకొన్న యేండ్లు వేరు, నడుమ 113 టి.యం.సి. ఏ సంవత్సరములు ఎన్నుకొనవలెనన్న దానిపై రాష్ట్రములు ప్లీడర్లను పెట్టి వాదించుకొన్నవి. వాదించుకొనుటకు వారికి బిందువులు అందుబాటులో నున్నవి. అది వారి భాగ్యము. మేజరు చివరనున్న నాలుగెకరముల రైతునకు అట్టి న్యాయసభయు లేదు, ప్లీడరును లేడు, బిందువులును లేవు.

గీతను కొలిచినమేర దాటించుట మఱియొక ప్రమాదము. 2024 సెప్టెంబరు 2వ తేదీన విజయవాడ ప్రకాశం బ్యారేజికడ 11.43 లక్షల క్యూసెక్కుల వరదని పత్రికలన్నియు వ్రాసినవి. మేము ఆ సంఖ్యను కాదనుటలేదు. అట్టి ప్రవాహములో దిగి వేగము కొలువగల నరుడు లేడు గావున, మట్టమునుండి, గేట్ల తీరునుండి లెక్కించి చెప్పిన సంఖ్యలే ఎల్లెడల ఉండును. ఆ వానలలోనే సెప్టెంబరు 1వ తేదీన సూర్యాపేటజిల్లా నడిగూడెము మండలములోని కాగిత రామచంద్రాపురముకడ ఎడమకాలువకు గండి పడినది. గండి పూడ్చినచోట కాలువ ఆకృతి వెనుకటిది గాదు. ఆ పరిసరపు గేజీలకు పాతగీత చెల్లునా, క్రొత్తబిందువులు తీసిరా యని అడుగు హక్కు ఆ నీటిపై బ్రతుకువారికి కలదు.

సాఫ్టువేరు విషయమున స్వదేశీ మాటయొకటి చెప్పక విడువలేము. పెక్కు కళాశాలలలో ఈ పనికి మాట్‌ల్యాబను అమెరికా సరకును వాడుదురు. మంచి సరకే, కాని యేటేట లైసెన్సు సొమ్ము చెల్లింపవలెను, చెల్లింపలేని విద్యార్థి పట్టముతోపాటు పనిముట్టును గూడ కళాశాలలోనే విడిచి రావలెను. సైల్యాబు, ఆక్టేవు, పైథాను అనునవి ఉచితముగ దొరకును. సైల్యాబు ఫ్రాన్సుదేశపు పరిశోధనాలయమున పుట్టినది. తక్కినవియు మన గడ్డపై పుట్టినవి గావు. ఐనను మేము వానిని ఖద్దరు పక్షమునకు చేర్తుము. వాని లోపలి లెక్క తెరచియున్నది: ఏ వర్గములు కూడుచున్నదో, ఎక్కడ ఆగుచున్నదో, చదువనేర్చిన ఏ పల్లెపిల్లవాడైనను చూడవచ్చును, మార్చవచ్చును. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ యను ఉద్యమము కేంద్రప్రభుత్వ ద్రవ్యసహాయముతో ఇట్టి సాఫ్టువేరులను కళాశాలలకు నేర్పుచున్నది. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతపు ఇంజనీరింగు విద్యార్థులు పరీక్షకొరకు పుస్తకములోని కల్పిత బిందువులకు గీతలు పొసగించుటకంటె, తమ తండ్రుల కాలువకు పొసగించుట మేలు. దానికి కావలసిన యంత్రము వారి యొడిలోనే యున్నది.

శాఖవారు రెండు సమాధానములు చెప్పుదురు. మొదటిది, సిబ్బంది చాలరని. ఇది నిజము, లస్కరు ఉద్యోగములు ఖాళీయైనవి ఖాళీగనే యుండి, ఒక్కడు అనేకతూములను కాచుచున్నాడు. ఆతనిపై మేము నింద మోపము. రెండవది, టెలిమెట్రీ యంత్రములు వచ్చుచున్నవి గావున ఇక మనుష్యుల పొరపాటుండదని. ఇచ్చట మేము ఏకీభవింపజాలము. మట్టమును మాత్రమే కొలుచు యంత్రము, లస్కరు కన్నునకు బదులు మఱియొక కన్ను. అది క్షణక్షణము చూచును, దూరమునకు పంపును, నిదురపోదు. చూచినదానిని క్యూసెక్కులుగ మార్చునది మాత్రము ఆ పాతగీతయే! తప్పుగీతను దినమునకొకసారి చదువుటకు బదులు పావుగంటకొకసారి చదువుటవలన నీరు పుట్టదు. వేగమును గూడ కొలుచు ధ్వనితరంగ సాధనములు కలవు. అవి వచ్చినచోట మా ఆక్షేపణ లేదు. అవియైనను కాలువ అడ్డుకోత మారినప్పుడు మరల సరిచూడవలసినవే.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు సాగరునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. లాల్‌బహదూర్ పేరు పెట్టుకొన్న ఎడమకాలువ మొదట 11,000 క్యూసెక్కుల కొలతతో కట్టబడినది. ఇన్నేండ్ల పూడిక, ఇన్నేండ్ల మరమ్మతులు, ఇన్ని గండ్లు గడచిన పిమ్మట, తలకట్టునుండి మైనరువరకు ఏ గేజీకి ఏ తేదీన కొలిచిన బిందువులతో ఏ గీత యమలులోనున్నదో ఒక జాబితాగ ప్రకటించుట అసాధ్యమైన కోరిక గాదు. 1997 చట్టముచే నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి. 2005 సమాచారహక్కు చట్టము నాలుగవ సెక్షను, అడుగకముందే ప్రకటింపుమని ప్రభుత్వకార్యాలయములను శాసించుచున్నది. క్రొత్తచట్టము వలదు. ప్రతి మేజరు తూముకడ గేజీప్రక్కన ఒక రేకుబల్ల చాలును: కడపటి కొలత యే తేదీ, బిందువులెన్ని, అందు అత్యల్పమట్టమెంత, అత్యధికమట్టమెంత, గీతయొక్క సూత్రమేమి, పొరపాటును క్యూసెక్కులలో చూచిరా, నూటికింతయని చూచిరా. ఆ బల్లపై వ్రాసిన మట్టములకు వెలుపల చదివిన సంఖ్యను రిజిస్టరునందు వేరురంగు సిరాతో వ్రాయవలెను.

రానున్న యాసంగికి తూములెత్తుటకు ముందు కాలువ ఎండియుండును. అప్పుడే అడ్డుకోత కొలువవచ్చును. నీరు విడిచిన మొదటివారమున సన్నని పారుదలకడ రెండుమూడు బిందువులు, నిండుగ పారునపుడు రెండుమూడు బిందువులు తీయుటకు ఒక కరెంటుమీటరు, నలుగురు విద్యార్థులు, ఒక ఇంజనీరు చాలుదురు. నేరేడుచర్ల ప్రాంతమున ఒక్క మేజరుపై ఈ పని ఆరంభింపుడు. మొదటి కొలతకు కాలువచివర రైతులను పిలువుడు. గేజీరాయి యొద్ద పూడిక ఎంతవరకు పేరుకొన్నదో, ఏయేట ఎక్కడ గట్టు జారినదో వారు చేయిపెట్టి చూపగలరు.